చెల్లికి ఫోన్‌లో చెప్పిన ఏడు క్వియర్ నవలలు

"అక్కా, ముందు ఒక్క మాట చెప్పు. చివర్లో వాళ్ళు చచ్చిపోతారా?"

ఏ పుస్తకం మొదలుపెట్టినా మా చెల్లి అడిగే మొదటి ప్రశ్న ఇదే. దెయ్యాలున్నాయా, అంతరిక్షంలో జరుగుతుందా, ఎన్ని పేజీలు అన్నవన్నీ దాని తర్వాతే. తను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని నాతో చెప్పి ఏడాది దాటింది. చెప్పిన కొన్నాళ్ళకి తనే అడిగింది, నువ్వు పొద్దస్తమానం ఆ ఫాంటసీలూ హారర్లూ సైన్స్ ఫిక్షన్లూ చదువుతుంటావు కదా, వాటిలో మాలాంటి క్వియర్ మనుషులు ఎక్కడైనా ఉన్నారా అని. ఉన్నారు, చాలామందే ఉన్నారు. కానీ తనకి ఇంగ్లీషు నవల పట్టుకుంటే నాలుగు పేజీలకే తల బరువెక్కుతుంది, నాకేమో వీటి తెలుగు అనువాదాలు దొరకలేదు, అందుకని నేను చదివి రాత్రిపూట ఫోన్‌లో కథ చెప్పడం మొదలుపెట్టాను. వారానికి మూడు నాలుగు రాత్రులు, ఒక్కోసారి గంటన్నర. అలా ఏడు పుస్తకాలయ్యాయి.

చదవడం వేరు, చెప్పడం వేరు. చదివేటప్పుడు కళ్ళు జారిపోయే చోట నోరు ఆగిపోతుంది. ముఖ్యంగా తెలుగులో. ‘అతను వచ్చాడు’, ‘ఆమె వచ్చింది’ అని క్రియే మనిషి ఆడో మగో బయటపెట్టేస్తుంది కదా, ఆడా మగా అన్న విషయాన్నే తిరగేసే నవలలని ఆ క్రియలతో చెప్పాలంటే ఎంత కష్టమో మొదటి వారంలోనే తెలిసొచ్చింది. కాబట్టి ఈ పుస్తకాల గురించి నా అభిప్రాయం చెల్లికి చెప్పేటప్పుడు ఏది నిలబడింది, ఏది కూలింది అన్నదాన్ని బట్టే ఉంటుంది. అవార్డులు, అమ్మకాలు నాకు ఆ తర్వాతి సంగతి.

మొదట ‘కార్మిల్లా’ చెప్పాను, అది నా పొరపాటు. పుస్తకం బాగాలేదని కాదు. షెరిడాన్ లె ఫాన్యు 1872లో పుస్తకంగా తెచ్చిన చిన్న నవల ఇది, ‘డ్రాక్యులా’ కంటే పాతికేళ్ళు ముందుది, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, వంద పేజీల చుట్టూ ఉంటుంది. ఆస్ట్రియాలో అడవి మధ్య ఒక కోట, అందులో తండ్రితో ఒంటరిగా పెరిగిన లారా, కోట ముందు ఒక బండి బోల్తా పడి ఆ ఇంట్లోకి అతిథిగా వచ్చిన కార్మిల్లా. ఆ ఇద్దరమ్మాయిల మధ్య దగ్గరితనాన్ని అప్పట్లోనే అంత బాహాటంగా ఎలా రాయగలిగాడో అని ఇప్పటికీ ఆశ్చర్యమేస్తుంది. కార్మిల్లా లారా చెయ్యి పట్టుకుని, చెంపకి చెంప ఆనించి, నువ్వు నాదానివి అన్న అర్థం వచ్చే మాటలు మళ్ళీ మళ్ళీ చెబుతుంది. లారాకేమో ఇష్టమూ వెగటూ ఒకేసారి కలుగుతాయి, రెంటినీ దాచకుండా రాస్తుంది. నేను చెప్తున్నంతసేపూ చెల్లి ఊపిరి బిగబట్టి వింది. ఆ తర్వాత కార్మిల్లా రక్తపిశాచి అని తేలడం, సమాధి తవ్వడం, గుండెలో మేకు దిగ్గొట్టడం, తల నరకడం, కాల్చి బూడిద ఏట్లో కలపడం వచ్చాయి. అవతల నిశ్శబ్దం. "తెలుసక్కా, ఇలాగే అవుతుందని" అంది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండో రోజు మళ్ళీ ఫోన్ చేసి, నువ్వు వినకుండా పెట్టేసిన చివరి వాక్యం ఒకటుంది అని చెప్పాను. అంతా అయిపోయి ఏళ్ళు గడిచాక కూడా, ఒక్కోసారి గది తలుపు దగ్గర కార్మిల్లా అడుగుల చప్పుడు వినబడినట్టు ఉంటుందని లారా రాస్తుంది. అక్కడితో నవల ముగుస్తుంది. చెల్లి కాసేపాగి, "అంటే లారా ఇంకా ఎదురుచూస్తోందన్నమాట" అంది. నూటయాభై ఏళ్ళుగా ఈ పుస్తకం ఎందుకు బతికుందో నాకు ఆ మాటతో అర్థమైంది. మగవాళ్ళంతా కలిసి రాక్షసిని చంపేశామని సంతోషపడితే, ఆ రచయిత మాత్రం చివరి వాక్యం ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. అయినా సరే, మీ ఇంట్లో ఇలాంటి ప్రశ్న అడిగే మనిషి ఉంటే దీన్ని మొదటి పుస్తకంగా ఇవ్వకండి. నాలుగోదిగానో ఐదోదిగానో ఇవ్వండి.

ఆ తర్వాత మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. కథలో మనిషి చనిపోవచ్చు, హారర్ అన్నాక చావులు ఉంటాయి, యుద్ధం అన్నాక ఉంటాయి. కానీ ఒకర్ని ప్రేమించినందుకు శిక్షగా చంపితే మాత్రం ముందే చెప్పాలి. ఈ తేడా పెట్టుకున్నాక పుస్తకాలు ఎంచుకోవడం నాకు సులువైంది, మీకూ అవుతుందనుకుంటున్నా.

రెండోది అర్సులా లె గ్విన్ రాసిన ‘ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’. 1969 నాటిది, ఆ రంగంలో పెద్ద అవార్డులు హ్యూగో, నెబ్యులా రెండూ వచ్చాయి. గెథెన్ అనే గ్రహం, అక్కడ ఎప్పుడూ మంచే, బయటివాళ్ళు దానికి పెట్టిన పేరే ‘వింటర్’. ఆ మనుషులు మామూలు రోజుల్లో ఆడా కాదు, మగా కాదు. దాదాపు 26 రోజులకొకసారి ‘కెమ్మర్’ అనే దశ వస్తుంది, ఆ కొన్ని రోజులు మాత్రం ఒకరు ఆడ, ఎదుటివారు మగ అవుతారు, ఈసారి ఎవరు ఏది అవుతారన్నది ఎవరి చేతిలోనూ ఉండదు. ఒక బిడ్డకి తల్లైన మనిషే ఇంకో బిడ్డకి తండ్రి కావచ్చు. అక్కడికి మన భూమ్మీద నుంచి గెన్లీ అయ్ అనే మగమనిషి ఒంటరిగా రాయబారిగా వెళ్తాడు.

చెప్పడం మొదలుపెట్టగానే ఇరుక్కుపోయాను. ఆ రాజ్యంలో రాజుకి గర్భం వస్తుంది. ‘రాజు గర్భవతి’ అందామంటే గర్భవతి అన్న మాటే స్త్రీలింగం. కాసేపు తడబడి, "రాజుగారు కడుపుతో ఉన్నారు" అన్నాను.

"రాణిగారా?"

"కాదు, రాజుగారే."

చెల్లి పకపకా నవ్వింది, ఆ తర్వాత "బావుందక్కా, రాజుగారు కడుపుతో ఉన్నారు" అని తనలో తను అనుకున్నట్టు ఇంకోసారి అంది. మన గౌరవవాచకం ఇంత పనికొస్తుందని నాకు అప్పటిదాకా తోచలేదు. ‘గారు’, ‘ఉన్నారు’ అంటే చాలు, ఆడో మగో చెప్పక్కర్లేదు. అలా ప్రధాని ఎస్ట్రావెన్‌ని కూడా ‘ఎస్ట్రావెన్ గారు’ చేసేసి సగం పుస్తకం లాక్కొచ్చాను.

చిక్కు మంచు మీద వచ్చింది. నవల రెండో సగంలో గెన్లీ, ఎస్ట్రావెన్ ఇద్దరూ తప్పించుకుని ఒక స్లెడ్జ్ బండి లాక్కుంటూ మహా హిమక్షేత్రం దాటుతారు, దాదాపు 80 రోజుల ప్రయాణం. ఒకటే గుడారం, ఒకటే చిన్న పొయ్యి, తిండి తూకం వేసి తినాలి. అంత దగ్గరగా ఉన్న మనుషుల మధ్య ‘గారు’ నిలవదు, చెప్పే నాకే నోట్లో ఎబ్బెట్టుగా ఉంది. ‘గారు’ తీసేస్తే ‘లాగాడు’ అనాలా ‘లాగింది’ అనాలా? అప్పుడు చెల్లే దారి చూపించింది, "ఎస్ట్రావెన్ డైరీ రాస్తారన్నావుగా, డైరీ లాగే చెప్పు" అని. నిజమే, ఆ ప్రయాణంలో కొన్ని అధ్యాయాలు ఎస్ట్రావెన్ రాసుకున్న డైరీయే. ‘నేను లాగాను, నేను పడ్డాను, నాకు భయమేసింది.’ తెలుగులో ‘నేను’కి ఆడా మగా లేదు. ఆ తర్వాత మూడు రాత్రులు ఎస్ట్రావెన్‌ని నేనై చెప్పాను, ఇంగ్లీషులో చదివినప్పుడు లేని దగ్గరితనం నాకే తెలిసింది.

ఒక చోటు ప్రత్యేకంగా చెప్పాలి. ఒక రోజు ఆకాశమూ నేలా ఒకే తెలుపైపోతాయి. ఎండ ఉంది కానీ నీడలు లేవు. నీడ లేకపోతే గుంటేదో గట్టేదో కనబడదు, ఇద్దరూ అడుగు తీసి అడుగు వేయలేకపోతారు. నడవడానికి వెలుగు ఒక్కటే చాలదు, చీకటీ కావాలని వాళ్ళకి తెలుస్తుంది. ఆ రాత్రి గెన్లీ ఒక వృత్తం గీసి, అందులో సగం నలుపు సగం తెలుపు వచ్చేలా వంపు గీత గీసి, ఇది నువ్వే అని ఎస్ట్రావెన్‌తో అంటాడు. అప్పటిదాకా పుస్తకమంతా ఈ మనిషిలో ‘ఆడతనం’ కనబడ్డప్పుడల్లా అనుమానించి చిరాకుపడ్డ గెన్లీ, ఆ గుడారంలో ఆ మనిషిని మొదటిసారి పూర్తిగా చూస్తాడు. వాళ్ళిద్దరి మధ్య శారీరక సంబంధం ఏమీ జరగదు, కానీ అంతకంటే గట్టి ప్రేమకథ నేను ఈ రకం పుస్తకాల్లో చదవలేదు.

లోపాలున్నాయి, దాచను. లె గ్విన్ ఆ మనుషులందరికీ ఇంగ్లీషులో ‘హి’ వాడారు, దాంతో చదివేవాళ్ళకి అందరూ మగవాళ్ళలాగే కనబడతారు. 1976లో ఒక వ్యాసంలో ఆవిడ దాన్ని సమర్థించుకున్నారు, 1987లో అదే వ్యాసం పక్కన కొత్తగా వ్యాఖ్యలు రాసి తప్పు ఒప్పుకున్నారు. కెమ్మర్‌లో జంట ఎప్పుడూ ఆడా మగానే అవ్వాలని పెట్టాల్సిన అవసరం కూడా లేదని అందులోనే అన్నారు. రాసింది తప్పని అంత పేరున్న రచయిత అచ్చులో చెప్పడం నాకు చాలా గొప్పగా అనిపించింది. చెల్లికైతే ఇంకొకటి నచ్చలేదు, గెన్లీ ఆడవాళ్ళ గురించి అనుకునే మాటలు. నాకూ నచ్చలేదు.

ముందే చెప్పాను తనకి, ఎస్ట్రావెన్ బతకరని, అయితే అది ప్రేమకి వేసిన శిక్ష కాదని. సరిహద్దు దగ్గర డైరీ ఆగిపోయి కథ మళ్ళీ గెన్లీ నోటికి వస్తుంది. నేను చెప్తూ చెప్తూ "ఎస్ట్రావెన్ చనిపోయారు" అన్నాను. ఆ ‘రు’ దానంతటదే తిరిగొచ్చేసింది.

ఆన్ లెకీ ‘యాన్సిలరీ జస్టిస్’ గురించి పెద్దగా చెప్పను, కానీ తెలుగువాళ్ళకి ఇందులో దొరికే ఒక వింత మాత్రం చెప్పాలి. 2013లో వచ్చింది, మరుసటి ఏడు హ్యూగో, నెబ్యులా, ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు మూడూ దీనికే. కథ చెప్పే బ్రెక్ ఒకప్పుడు అంతరిక్ష యుద్ధనౌక, వేల శరీరాల్లో ఒకే బుద్ధిగా ఉండేది, ఇప్పుడు ఒక్క శరీరం మిగిలింది. వాళ్ళ సామ్రాజ్యం భాషలో లింగభేదమే లేదు, అందుకని బ్రెక్ అందర్నీ ‘షి’ అంటుంది, వేరే భాషల్లో మాట్లాడాల్సి వస్తే ఎవర్ని ఏమనాలో తెలియక టెన్షన్ పడుతుంది. ఇంగ్లీషు పాఠకులకి ఈ ‘షి’ పెద్ద కుదుపు. నేను తెలుగులో చెప్తే జరిగింది వేరు: ‘ఓడ వచ్చింది’, ‘బ్రెక్ వచ్చింది’. మనకి ‘అది’కీ ‘ఆమె’కీ క్రియ ఒకటే. ఎక్కడ ఓడ ఆగిపోయి మనిషి మొదలైందో చెల్లికి వాక్యాల్లో తెలియలేదు, ఆ తెలియకపోవడమే ఈ నవల అసలు విషయం! ఆ రకంగా మన క్రియ ఆ పుస్తకానికి పుట్టినట్టే సరిపోయింది.

అయితే మొదటి వంద పేజీలు ఓపిక పట్టాలి. రెండు కాలాలు ఒక అధ్యాయం విడిచి ఒకటి నడుస్తాయి, పేర్లు నోరు తిరగవు, ప్రేమ అనేది అడుగున ఉంటుంది కానీ పైకి రాదు. ఒక లెఫ్టినెంట్ మీద ఆ ఓడకి ఉన్న ఇష్టం ఏమిటో బయటపడే ఘట్టం దగ్గర మాత్రం నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. ప్రేమకథ కోసమే వెతుకుతుంటే దీనికి తర్వాత రండి.

‘దిస్ ఈజ్ హౌ యు లూజ్ ద టైమ్ వార్’ అయితే చెల్లి ప్రాణం. అమల్ ఎల్-మొహ్తార్, మ్యాక్స్ గ్లాడ్‌స్టన్ ఇద్దరూ కలిసి రాశారు, 2019. కాలం ముందుకీ వెనక్కీ తిరుగుతూ చరిత్రని తమవైపు వంచుకునే రెండు పక్షాలు, వాటి తరఫున పోరాడే ఇద్దరు గూఢచారిణులు, రెడ్, బ్లూ. శత్రువులు. ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవడం మొదలుపెడతారు. ఒక రచయిత ఒకరి ఉత్తరాలు, ఇంకొకరు రెండో వారివి రాశారు కాబట్టి రెండు గొంతులూ స్పష్టంగా వేరుగా ఉంటాయి. ఆ ఉత్తరాలు కాగితం మీదే ఉండవు. చెట్టు మానులో వలయాలుగా ఉంటాయి, ఉడుకుతున్న నీళ్ళలో ఉంటాయి, ఇంకా నేను చెప్పి పాడుచేయను, చదివి తెలుసుకుంటేనే బాగుంటుంది. 2023లో ఒక అభిమాని ఊరికే సంతోషం పట్టలేక పెట్టిన ఒక్క ట్వీట్‌తో ఈ పుస్తకం నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ అమ్మకాల పట్టీల్లోకి ఎక్కింది. చదివితే ఆ అభిమాని ఎందుకంత ఊగిపోయారో తెలుస్తుంది.

తెలుగులో చెప్పడానికి ఏడింటిలో ఇదే హాయి. ఉత్తరం అంటే ‘నేను’, ‘నువ్వు’. ‘నువ్వు రాశావు, నేను చదివాను, నీకోసం కాచుకున్నాను.’ లింగం ఊసే రాదు, దాంతో ఇద్దరూ అమ్మాయిలన్న సంగతి ఒక వార్తలా కాకుండా ఊరికే ఉంటుంది. చెల్లి వాళ్ళకి ఎర్ర, నీలి అని పేర్లు పెట్టేసింది. చివర్లో చచ్చిపోతారా అన్న ప్రశ్నకి ఈ ఒక్క పుస్తకానికి నేను జవాబు చెప్పలేదు, ఆఖరి పేజీ దాకా ఆగమన్నాను, రెండు రోజులు అలిగింది. ఆ తర్వాత ఫోన్లో ఏడ్చింది, కానీ మంచి ఏడుపు. (ఇది చదివి మీకు జవాబు తెలిసిపోతే క్షమించండి, ఆ ముగింపు తాకే తీరు తెలిసినా తగ్గదు.)

దీని మీద నా ఫిర్యాదు ఒక్కటే: ఆ రెండు పక్షాలు అసలు ఎందుకు కొట్టుకుంటున్నాయో పుస్తకం పెద్దగా పట్టించుకోదు. కాలయుద్ధం లెక్కలు పక్కాగా ఉండాలనుకునేవాళ్ళకి వెలితిగా ఉంటుంది. ఒకట్రెండు ఉత్తరాల్లో ఉపమానాలు మరీ ముసురుకున్నాయి. రెండొందల పేజీల పుస్తకం కాబట్టి భరించొచ్చు.

ఇప్పుడు నేను ఈ రివ్యూ రాయడానికి కారణమైన పుస్తకం. జూలియా ఆర్మ్‌ఫీల్డ్, ‘అవర్ వైవ్స్ అండర్ ద సీ’, 2022. లియా సముద్ర పరిశోధకురాలు. మూడు వారాల పని మీద జలాంతర్గామిలో సముద్రం అడుక్కి వెళ్తుంది, ఆరు నెలలకి గానీ తిరిగి రాదు. వచ్చిన మనిషి లియాయే, కానీ లియా కాదు. గంటలకొద్దీ స్నానాల గదిలో కుళాయిలు తిప్పి నీళ్ళలో ఉండిపోతుంది. మంచినీళ్ళలో ఉప్పు కలుపుకుని తాగుతుంది. చర్మం రంగు మారుతుంది. ఆమెని చూసుకుంటూ మిరి ఒక అధ్యాయం చెబుతుంది, అడుగున ఏం జరిగిందో లియా ఒక అధ్యాయం చెబుతుంది. సముద్రంలో లోతుకి వెళ్ళేకొద్దీ వెలుగు తగ్గే పొరలకి శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లే నవల భాగాలకీ పేర్లు, ఎండ పొర దగ్గర మొదలై అట్టడుగు అగాధం దాకా.

మిరి కథ ‘నేను’ అని చెబుతుంది. కాబట్టి నేనూ అలాగే మొదలుపెట్టాను. "నా భార్య ఇంటికి తిరిగొచ్చింది."

అవతల చప్పుడు లేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నా.

"అక్కా, ఆ వాక్యం మళ్ళీ చెప్పు."

"నా భార్య ఇంటికి తిరిగొచ్చింది."

ఆడగొంతుతో ఆ మాట తెలుగులో మా చెల్లి ఎప్పుడూ వినలేదు. నేనూ ఎప్పుడూ అనలేదు. మాటలన్నీ రోజూ వాడేవే, అన్నీ చిన్నప్పటి నుంచీ తెలిసినవే, వాటిని ఆ వరసలో ఒక ఆడమనిషి నోటి నుంచి వినడమే కొత్త. ఆ రాత్రి ఇంక కథ ముందుకి సాగలేదు. పెళ్ళి గురించి మాట్లాడుకున్నాం, అది ఇక్కడ రాయను.

పుస్తకం సంగతికొస్తే, ఇందులో భయం ఎగిరి మీద పడదు. పక్క గదిలో నీళ్ళు కారుతున్న చప్పుడు, లియాని పంపిన సంస్థకి మిరి ఫోన్ చేస్తే సరిగ్గా ఎవరూ జవాబు చెప్పకపోవడం, పై వాటాలో ఎప్పుడూ ఆగని టీవీ మోత. ఎప్పుడైనా ఇంట్లో జబ్బు మనిషిని నెలల తరబడి చూసుకున్నవాళ్ళకి ఈ చప్పుళ్ళు తెలుసు. ఎదురుగానే ఉన్న మనిషి రోజుకి కాస్త దూరమవుతుంటే, ఏడవాలో ఇంకా ఆశ పెట్టుకోవాలో తెలియని స్థితిని ఇంత సూటిగా రాసిన నవల హారర్‌లోనే కాదు, బయట కూడా అరుదు. వాళ్ళిద్దరి పెళ్ళిని ఎవరూ ప్రశ్నించరు, వివరణ అడగరు. బాధంతా పోగొట్టుకోవడం గురించే. చెల్లి ప్రశ్నకి జవాబు ఏం చెప్పాలో నాకే తెలియలేదు, ఎందుకంటే లియాకి జరిగేదాన్ని చావు అనాలో వెళ్ళిపోవడం అనాలో పుస్తకం మన మీదే వదిలేస్తుంది. సముద్రం అడుగున అసలేముంది, ఎవరు ఎందుకు పంపారు అన్న వాటికి పూర్తి సమాధానాలు కావాలంటే మీకు కోపం వస్తుంది. నాకు రాలేదు. ఏడింటిలో నా మొదటి స్థానం దీనిదే.

‘గిడియన్ ద నైన్త్’ నాకు ఇష్టం, చెల్లికి చెప్పడంలో మాత్రం ఘోరంగా దెబ్బతింది. టామ్సిన్ మ్యూర్ 2019లో రాశారు. అంతరిక్షంలో తొమ్మిది వంశాలు, ఎముకలతో మంత్రాలు చేసే క్షుద్ర విద్య, కత్తి తిప్పే గిడియన్, తను చిన్నప్పటి నుంచీ అసహ్యించుకునే యజమానురాలు హారో, ఒక పాడుబడ్డ భవనంలో వరస హత్యలు. గిడియన్ అమ్మాయిల వెంట చూసే చూపుని రచయిత్రి ఎక్కడా సర్దిచెప్పుకోదు, అది ఆ మనిషి స్వభావం అంతే. కానీ పుస్తకం బలమంతా గిడియన్ నోటి దురుసులో ఉంది, ఆ ఇంగ్లీషు వెటకారం నా తెలుగులోకి దిగలేదు, దిగకపోయేసరికి మిగిలింది ఇరవైమంది పేర్లు. పుస్తకం మొదట్లో పాత్రల పట్టిక ఉంది, దాని దగ్గర ఒక వేలు పెట్టుకుని చదవండి. ఇంకా మంచిది మోయిరా క్విర్క్ చదివిన ఆడియోబుక్ వినడం, ఒక్కో పాత్రకీ ఒక్కో గొంతు ఇచ్చారు, నాకు సగం అయోమయం అక్కడే తీరింది. చివరి యాభై పేజీల గురించి ఒక్క ముక్క చెప్పను. చెల్లికి మాత్రం ఒప్పందం ప్రకారం ముందే చెప్పాను, "అయితే రెండో భాగం ఉందా?" అని అడిగింది, ఉంది, మూడోదీ ఉంది.

ఇక ‘ద జాస్మిన్ త్రోన్’. తాషా సూరి, 2021, మరుసటి ఏడు వరల్డ్ ఫాంటసీ అవార్డు. చితి ఎక్కనని మొండికేసిన రాజకుమారి మాలిని, ఆమెని చక్రవర్తి అయిన అన్న తెచ్చి పడేసిన పాడుబడ్డ గుడి, ఆ గుడికి పనిమనిషిగా వచ్చే ప్రియ. ప్రియ ఒకప్పుడు ఆ గుడి పిల్లే, మిగతా పిల్లల్లో చాలామంది మంటల్లో పోయారు. రాజ్యంలో ఒక తెగులు పాకుతోంది, ముందు పంటలకి, తర్వాత మనుషులకి. తెగులు సోకినవాళ్ళ చర్మం కింద నుంచి ఆకులు మొలుస్తాయి. ఈ ఒక్క పుస్తకంలో పేర్లు పలకడానికి నాకు ఒక్కసారి కూడా ఆగాల్సి రాలేదు, ప్రియ, మాలిని, చంద్ర. చెల్లికి ఇవి పరాయి లోకం కథల్లా అనిపించలేదు.

నాకు ఇందులో బాగా నచ్చింది, ఆ ఇద్దరూ ఒకరికొకరు పూర్తిగా మంచివాళ్ళు కాకపోవడం. మాలిని తప్పించుకోవడానికి ప్రియని వాడుకుంటోంది, ఆ సంగతి ప్రియకి తెలుసు, తెలిసే దగ్గరవుతుంది. ఇద్దరికీ అధికారం మీద ఆకలుంది. అమ్మాయిలిద్దరు ప్రేమించుకుంటున్నారు కాబట్టి వాళ్ళు మెత్తగా, పాపం అనిపించేలా ఉండాలన్న అలవాటు ఈ రచయిత్రికి లేదు. అయితే ఐదొందల పేజీలు దాటిన పుస్తకం, కథ చెప్పే మనుషులు చాలామంది, మధ్యలో తిరుగుబాటుదారుల చర్చలు సాగుతూ సాగుతూ ఉంటాయి. ఒక పదిహేను అధ్యాయాలు నేను చెప్పేటప్పుడు కుదించేశాను, చెల్లికి తేడా తెలియలేదు.

ఎవరైనా నన్ను వరస అడిగితే: ముందు ‘టైమ్ వార్’, చిన్నది, దాని తర్వాత ‘జాస్మిన్ త్రోన్’, ఆ తర్వాత గుండె దిటవు చేసుకుని ‘అవర్ వైవ్స్’. లె గ్విన్‌ని చలికాలంలో తీరిగ్గా చదవండి. ఇవి అయిపోయాక ఇంకా కావాలంటే క్వియర్ పుస్తకాలకిచ్చే లాంబ్డా లిటరరీ అవార్డుల్లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, హారర్‌కి వేరే విభాగం ఉంది, ఆడా మగా అన్న విషయాన్ని తిరగేసే కథలకి 1991లో మొదలైన అదర్‌వైజ్ అవార్డు ఉంది, దానికి మొదట్లో టిప్‌ట్రీ అని పేరు. ఆ జాబితాలు తిరగేస్తే ఏళ్ళకి సరిపడా చదువు దొరుకుతుంది.

మేం ఇప్పుడు ‘జాస్మిన్ త్రోన్’ రెండో భాగం ‘ద ఓలియాండర్ సోర్డ్’ మొదలుపెట్టాం. ఈ మధ్య చెల్లి ఫోన్ స్పీకర్‌లో పెడుతోంది. అవతల ఇంకొకరు ఉన్నారని నాకు తెలుస్తూనే ఉంది, నేనేం అడగలేదు. నిన్న రాత్రి, ముందు భాగంలో ఏమైందో గుర్తుచేస్తుంటే, నాకు తెలియని గొంతు ఒకటి మెల్లగా అందుకుంది, "అక్కా, ప్రియ ఆ నీళ్ళలోకి దిగిన చోటు ఇంకోసారి చెప్తారా? ఆ రోజు నేను లేను" అని.

మొదటి నుంచీ చెప్పాను.